టైపు బల్ల దాటిన అమ్మాయిలు: 1960ల యాడ్ ఆఫీసుల్లో ఉద్యోగం, ప్రేమ ఎలా ముడిపడ్డాయి?

క్లుప్తంగా: 1950, 60ల నాటి యాడ్ ఆఫీసుల్లో అమ్మాయి ఎదుగుదల, ఆమె ప్రేమ వేర్వేరు కథలు కావు. ఆమె రాసిన కాగితం దిద్దేది, జీతం పెంచేది, సాయంత్రం భోజనానికి పిలిచేది చాలాసార్లు ఒక్కరే. అందుకే అక్కడ ప్రేమ చెడితే ఉద్యోగం చెడేది, పెళ్లి కుదిరినా ఉద్యోగమే పోయేది. ఆ ముడి కొంతైనా సడలిందంటే అందుకు కారణం చట్టాలు, కోర్టు తీర్పులు, క్లయింటు డబ్బు. నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఇవాళ పట్నం ఆఫీసులకు వెళ్తున్న అమ్మాయిలకు ఆ ముడిలో కొంత పాతదే ఎదురవుతోంది, కొంత పూర్తిగా ఇక్కడిది.

1960ల న్యూయార్క్ యాడ్ కంపెనీల చుట్టూ అల్లిన సీరియళ్లు ఓటీటీలో చూసినవాళ్లకు ఒక అనుమానం వస్తుంది. టైపిస్టుగా చేరిన ఇరవై ఏళ్ల పిల్ల కొన్నేళ్లలోనే యాడ్‌లు రాసే స్థాయికి రావడం, ఆ మధ్యలో ఆఫీసులోనే ఒకటి రెండు ప్రేమలు పుట్టి విరగడం నిజంగా జరిగేదేనా, లేక కథ కోసం కల్పించిందా? నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ ప్రశ్న వినోదంతో ఆగడం లేదు. డిగ్రీ కాగానే హైదరాబాద్‌లో డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసుల్లో చేరుతున్న ఆడపిల్లల ఇళ్లలో "ఆఫీసులంటే అట్లనే ఉంటయా?" అనే టెన్షన్ ఉంది. ఆ కాలపు ఆఫీసు ఎలా నడిచిందో వివరంగా తెలిస్తే, ఈ కాలపు భయాల్లో ఏది నిజమో ఏది కాదో తేల్చుకోవడం సులువవుతుంది.

అంతమంది అమ్మాయిలు ఎందుకు వచ్చారు

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో ఫ్యాక్టరీలు తుపాకులు మాని ఫ్రిజ్‌లు, కార్లు, సబ్బులు చేయడం మొదలుపెట్టాయి. తయారైన సరుకు అమ్ముడుపోవాలి. 1950లో అక్కడ నూటికి 9 ఇళ్లలో టీవీ ఉంటే, 1960 నాటికి దాదాపు 90 ఇళ్లకు చేరింది. ఆ పదేళ్లలోనే యాడ్‌ల మీద పెట్టే ఖర్చు రెట్టింపయింది. న్యూయార్క్‌లోని మాడిసన్ అవెన్యూ ఈ వ్యాపారానికి మారుపేరుగా మారింది.

ఖర్చు పెరిగితే కాగితం పెరుగుతుంది. ప్రతి యాడ్‌కూ క్లయింటుకు ఉత్తరం, రేడియోకు ఒక స్క్రిప్టు, టీవీకి ఇంకో స్క్రిప్టు, పత్రికకు ఒక ప్రతి కావాలి. జిరాక్సు ఇంకా ఇంటింటి మాట కాని రోజులు. టైపు మిషన్‌లో అసలు కాగితం వెనక కార్బన్లు, పల్చటి కాగితాలు ఒకదాని కింద ఒకటి పెట్టి కొట్టేవారు. ఒక్క అక్షరం తప్పు పడితే అన్ని ప్రతుల్లోనూ విడివిడిగా చెరిపి దిద్దాలి. ఈ పనికి వేగంగా కొట్టే వేళ్లు, తక్కువ జీతం తీసుకునే మనుషులు కావాలి. రెండూ అమ్మాయిల దగ్గర దొరికాయి.

దొరికేలా ఏర్పాటూ ఉంది. అమెరికా పత్రికల్లో ఉద్యోగ ప్రకటనలు మగవాళ్లకు వేరు, ఆడవాళ్లకు వేరు శీర్షికల కింద వచ్చేవి. ఈ పద్ధతి 1960ల చివరి దాకా మామూలుగా సాగింది. దీన్ని నిషేధించడం తప్పు కాదని అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది 1973లో. ఒకే కాలేజీలో ఒకే డిగ్రీ చదివిన అబ్బాయి, అమ్మాయి ఒకే కంపెనీ గుమ్మం ఎక్కితే అబ్బాయిని క్లయింట్ల వ్యవహారాలు చూసే ట్రైనీగా తీసుకునేవారు, అమ్మాయిని "నిమిషానికి ఎన్ని మాటలు కొడతావు?" అని అడిగేవారు. 1960లో ఏడాదంతా పనిచేసే మగవాడు ఒక డాలర్ సంపాదిస్తే ఆడమనిషికి వచ్చేది సుమారు 60 సెంట్లు.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లో పెద్దతరం వాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. "టైపు లోయర్, హయ్యర్ పాసైంది, షార్ట్‌హ్యాండ్ కూడా వచ్చు" అనేది ఒకప్పుడు ఆడపిల్ల బయోడేటాలో బరువైన మాట. టైపు ఇన్‌స్టిట్యూట్ మధ్యతరగతి అమ్మాయికి ఇల్లు దాటే మొదటి అనుమతి పత్రంలా పనిచేసింది. ఆ చదువు ఆమెను ఆఫీసులోకి తెచ్చేది కానీ, టైపు బల్ల దాటనిచ్చేది కాదు.

టైపు నుంచి రాతకు దారి

దారి తెరిచింది సబ్బు. ఇందులో అతిశయోక్తి లేదు. యాడ్ కంపెనీలకు డబ్బు తెచ్చే సరుకుల్లో సబ్బు, క్రీము, లిప్‌స్టిక్, కేకు పొడి, జుట్టు రంగు ముందుండేవి. కొనేది ఆడవాళ్లు, రాసేది మగవాళ్లు. ఏ మాటకు ఆడవాళ్లు ఆగి చదువుతారో తెలిసిన మనిషి గదిలో ఒక్కరైనా ఉండాలని కంపెనీలకు ముందే అర్థమైంది. జె. వాల్టర్ థామ్సన్ అనే యాడ్ కంపెనీలో హెలెన్ లాన్స్‌డౌన్ 1911లోనే వుడ్‌బరీ సబ్బుకు "తాకాలనిపించే చర్మం" అనే అర్థం వచ్చే యాడ్ రాశారు. ఆ తర్వాత ఆ కంపెనీలో ఆడ రచయితలకే ఒక విభాగం ఏర్పడింది. ఆమె 1917లో కంపెనీ అధ్యక్షుడు స్టాన్లీ రీసర్‌ను పెళ్లి చేసుకుని పనిలో కొనసాగారు. ఆఫీసు ప్రేమ ఆమెను ఇంటికి పంపలేదు. పెళ్లాడింది యజమానిని కాబట్టి అది వీలైంది. మిగతా అమ్మాయిలకు ఆ వీలు లేదు.

తెరుచుకున్న తలుపు ఇరుకైనది. సబ్బులు, క్రీములు మీవి, కార్లు, బ్యాంకులు, సారా మావి అన్నట్టు పంపకం జరిగిపోయింది. పైగా రాసే ఆడమనిషిని కూడా కొత్తగా వచ్చిన క్లయింటు సెక్రటరీ అనుకుని కాఫీ అడిగేవాడు. థామ్సన్‌లో ఆడ కాపీరైటర్లు, అంటే యాడ్ మాటలు రాసేవాళ్లు, ఆఫీసు లోపల కూడా నెత్తి మీద టోపీ తీసేవారు కాదు. తాము సెక్రటరీలం కామని చూడగానే తెలియడానికి అదొక గుర్తు. హోదా చూపడానికి మగవాడికి గది తలుపు మీద పేరుపలక సరిపోయేది, ఆడమనిషి రోజంతా టోపీ మోయాల్సి వచ్చింది.

ఈ దారిలో చాలా దూరం వెళ్లినవారు షర్లీ పోలికాఫ్. 1950ల నడుమ ఆమె ఫూట్ కోన్ అండ్ బెల్డింగ్‌లో క్లెయిరాల్ జుట్టు రంగు యాడ్‌లు చేపట్టారు. అప్పట్లో అక్కడ జుట్టుకు రంగు వేసుకునే ఆడదంటే నాటకాల మనిషో, చెడిపోయిన మనిషో అన్న చూపు ఉండేది. 1956లో వచ్చిన ఆమె యాడ్ "వేసుకుందా, వేసుకోలేదా?" అని అడుగుతుంది, ఆమె జుట్టు తీర్చే హెయిర్‌డ్రెసర్‌కు తప్ప ఎవరికీ తెలియదని జవాబిస్తుంది. ఆ ప్రశ్నలో రెండో అర్థం ఉందని లైఫ్ పత్రిక మగ సంపాదకులు మొదట వేయనన్నారు. మీ ఆఫీసులోని ఆడవాళ్లనే అడగండని వాళ్లకు సలహా వెళ్లింది. అడిగితే, అందులో బూతు ఉందని ఒక్క ఆడమనిషి కూడా అనలేదు. యాడ్ అచ్చయింది. ఆ వరసలో వచ్చిన చాలా ఫొటోల్లో రంగు వేసుకున్న ఆడమనిషి పక్కన ఒక చంటిపిల్ల ఉంటుంది. ఈమె గుణవంతురాలే, తల్లే అని చదివేవారికి మాట లేకుండా చెప్పే ఏర్పాటు అది. సమాజం ఎక్కడ నొసలు ముడుస్తుందో పోలికాఫ్‌కు ముందే తెలుసు. అది ఆమె రోజూ బతుకుతున్న అనుభవమే.

అమెరికాలో సగటు ఆడవాళ్లు జుట్టుకు రంగు వేసుకోవడం ఆ తర్వాతే మామూలయింది. కానీ పోలికాఫ్ సంగతుల్లో ఎక్కువ ఆలోచింపజేసేది జీతం సంగతి. లాయరైన భర్త కంటే తాను ఎక్కువ సంపాదించకూడదని, తన జీతాన్ని 25,000 డాలర్ల దగ్గర తానే ఆపేయించుకున్నారు. ఆయన చనిపోయాకే కంపెనీ ఆ హద్దు దాటించింది. ఎవరూ ఆమెను బలవంతపెట్టలేదు, ఏ నిబంధనా లేదు. ఇంట్లో శాంతి కోసం ఆఫీసులో తన ధర తానే తగ్గించుకున్నారు. ఈ రకం నష్టం ఏ జీతాల లెక్కలోనూ కనిపించదు.

ఫిలడెల్ఫియాలోని ఎన్.డబ్ల్యు. అయర్ కంపెనీలో ఫ్రాన్సెస్ గెరెటీ 1947లో వజ్రాల కంపెనీ డి బీర్స్ కోసం "వజ్రం శాశ్వతం" అనే అర్థమిచ్చే వాక్యం రాశారు. నిశ్చితార్థానికి వజ్రపు ఉంగరం తప్పనిసరి అన్న అలవాటు అమెరికాలో బలపడింది ఆ ప్రచారంతోనే. కోట్ల పెళ్లిళ్లకు మాట ఇచ్చిన గెరెటీ పెళ్లి చేసుకోలేదు, 1970 దాకా అదే కంపెనీలో పనిచేశారు. పెళ్లి చేసుకున్న ఆడవాళ్లకు అన్నేళ్ల సర్వీసు ఆ కాలంలో అరుదు.

1949లో పుట్టిన డోయిల్ డేన్ బెర్న్‌బాక్ కంపెనీతో ఈ ఇరుకు కొంత వదులైంది. ఫిలిస్ రాబిన్సన్ అక్కడ మొదటి కాపీ చీఫ్, అంటే యాడ్ రచయితల పెద్ద, మగ రచయితలు కూడా ఆమె కిందే పనిచేశారు. అదే కంపెనీలో పౌలా గ్రీన్ 1962లో అద్దె కార్ల ఏవిస్ కోసం, రెండో స్థానంలో ఉన్నాం కాబట్టి ఇంకా కష్టపడతాం అనే ప్రచారం రాశారు. ఆడవాళ్లు కార్ల మీద రాయలేరన్న వాదన దాంతో నిలబడలేదు. ఆ కంపెనీ మంచితనం వల్ల ఇది జరిగిందనుకోవడం కంటే, పాత కంపెనీలతో పోటీపడాల్సిన కొత్త కంపెనీకి పనితనం ఎక్కడ దొరికితే అక్కడ తీసుకోక తప్పలేదనుకోవడం సరైన లెక్క.

ప్రేమ ఆఫీసులోనే ఎందుకు

1960లో అమెరికా అమ్మాయి మొదటి పెళ్లి మధ్యస్థ వయసు 20.3 ఏళ్లు. అంటే టైపిస్టుగా చేరిన పిల్ల చుట్టూ తోటివాళ్లంతా పెళ్లి బట్టలు కుట్టించుకుంటున్న వయసు. కంపెనీలు, ఇళ్లు, ఆ పిల్లలు కూడా ఆ ఉద్యోగాన్ని పెళ్లి దాకా కాలక్షేపంగానే చూసేవారు. శిక్షణ మీద కంపెనీ డబ్బు పెట్టకపోవడానికి అది సాకు. శిక్షణ లేదు కాబట్టి ఎదుగుదల లేదు, ఎదుగుదల లేదు కాబట్టి పెళ్లే మెరుగైన దారిగా కనిపించేది. ఈ చక్రం తనంతట తనే తిరిగేది.

పని వేళలూ అందుకు తోడయ్యాయి. యాడ్ గడువు రాత్రి పదింటికి ఉంటే బృందమంతా పదింటి దాకా ఉండాలి. మధ్యాహ్నం క్లయింట్లతో మందు బల్లలు, రాత్రి డిన్నర్లు. మగవాళ్లలో చాలామంది పెళ్లయినవాళ్లు, శివార్లలో ఇల్లు, పిల్లలు ఉన్నవాళ్లు. అమ్మాయిలు ఒంటరిగా నగరానికి వచ్చినవాళ్లు, జీతం చాలక ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకునేవాళ్లు. కాస్త స్తోమత ఉన్నవాళ్లు బార్బిజాన్ లాంటి ఆడవాళ్ల హోటళ్లలో ఉండేవారు. అక్కడ కింది అంతస్తు దాటి మగవాళ్లను పైకి రానిచ్చేవారు కాదు, 1981 దాకా అదే నియమం. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ లేడీస్ హాస్టళ్లలో గేటు బయటే నిలబడి కూతురికి పచ్చడి డబ్బా అందించిన నల్లగొండ నాన్నలకు ఈ నియమం కొత్తేం కాదు.

అసలు చిక్కు వేరే చోట ఉంది. యాడ్ రాత కొలవడానికి తూకం లేదు. ఎన్ని పేజీలు టైపు చేసిందో లెక్కపెట్టొచ్చు, రాసిన వాక్యం బాగుందో లేదో ఎవరో ఒకరు అనాలి. ఆ "బాగుంది" అనే మనిషి మీదే అమ్మాయి ప్రమోషన్ ఆధారపడుతుంది. ఆ మనిషే దగ్గరైతే, ఆమెకు వచ్చిన ప్రతి మెట్టూ పక్కవాళ్ల కళ్లకు ప్రేమ ఫలంలా కనిపిస్తుంది. దూరమైతే, ఆగిపోయిన ప్రతి మెట్టూ కోపం వల్లనేమోనన్న అనుమానం ఆమెను తింటుంది. వద్దన్నా నష్టమే, ఊఁ అన్నా నష్టమే. నిజమైన ప్రేమలు లేవని కాదు, చాలానే ఉన్నాయి. కానీ ఇద్దరి మధ్య అధికారం సమానంగా లేని చోట, ప్రేమ ఎంత నిజమైనా దాని ఖర్చు సమానంగా పడదు.

ప్రేమ పెళ్లి దాకా వెళ్తే ఆమె రాజీనామా ఆనవాయితీ. తెగిపోతే క్లయింట్లు ఉన్నది అతని చేతిలో, కాబట్టి వేరే కంపెనీ వెతుక్కోవాల్సింది ఆమే. గర్భం వస్తే ఉద్యోగం తీసేయడం చట్టం ఒప్పే పనే. దాన్ని ఆపే ప్రత్యేక చట్టం అమెరికాలో 1978లో వచ్చింది. గర్భనిరోధక మాత్రకు 1960లో అనుమతి వచ్చినా, పెళ్లి కాని అమ్మాయిలకు దాని మీద హక్కు దేశమంతటా ఖాయమైంది 1972 సుప్రీంకోర్టు తీర్పుతో. ఆఫీసులో ఎదురయ్యే వేధింపుకు ఇంగ్లీషులో పేరు స్థిరపడింది 1975 ప్రాంతంలో, దాన్ని వివక్షగా అక్కడి సుప్రీంకోర్టు గుర్తించింది 1986లో. అంటే 1962లో టైపు బల్ల దగ్గర ఇబ్బంది పడిన అమ్మాయికి ఫిర్యాదు చేసే చోటు లేదు, చెప్పుకోవడానికి మాటే లేదు.

సమాన జీతం చట్టం 1963లో, ఉద్యోగాల్లో ఆడ మగ వివక్షను నిషేధించే పౌరహక్కుల చట్టం 1964లో వచ్చాయి. అమలుకు ఇంకో పదేళ్లు పట్టింది.

మేరీ వెల్స్ ఎందుకు మినహాయింపు

ఒహాయో రాష్ట్రంలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ యాడ్‌లతో మొదలైన మేరీ వెల్స్ 1957లో డోయిల్ డేన్ బెర్న్‌బాక్‌లో చేరారు. తర్వాత జాక్ టింకర్ కంపెనీలో ఉండగా 1965లో బ్రానిఫ్ అనే విమాన సంస్థ విమానాలకు ముదురు రంగులు వేయించి, సిబ్బంది బట్టలు మార్పించి దేశమంతా మాట్లాడుకునేలా చేశారు. అధ్యక్ష పదవి ఇస్తామన్నవాళ్లు ఆ హోదా దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తగ్గారు. ఆమె 1966లో బయటికి వచ్చి ఇద్దరు సహచరులతో వెల్స్ రిచ్ గ్రీన్ స్థాపించారు. 1967లో బ్రానిఫ్ అధ్యక్షుడు హార్డింగ్ లారెన్స్‌ను పెళ్లాడారు.

క్లయింటును పెళ్లి చేసుకున్న ఆడమనిషి అనే మాట మామూలు ఉద్యోగినిని ముంచేసేది. మేరీ వెల్స్ బ్రానిఫ్ పనిని తామే వదులుకుని, పెద్ద విమాన సంస్థ టీడబ్ల్యూఏ పని తీసుకున్నారు. ఆ నిర్ణయం తీసుకునే అధికారం ఆమెకు ఉంది, కంపెనీ ఆమెది. ఇక్కడే తేడా తెలుస్తుంది. ఆమె మిగతా అమ్మాయిల కంటే తెలివైనది కాబట్టి నిలిచిందని చెప్పడం సగం నిజమే. ఆమె బల్లకు అవతలి వైపు కూర్చుంది. ప్రేమకు ఉద్యోగాన్ని బలిపెట్టమనే మనిషి ఆమె పైన ఎవరూ లేరు.

బొంబాయి, కలకత్తా, అప్పటి మన జిల్లాలు

భారతదేశంలో యాడ్ ఆఫీసు అంటే అప్పట్లో బొంబాయి, కలకత్తా. జె. వాల్టర్ థామ్సన్ 1929లో బొంబాయికి వచ్చింది. లక్స్ సబ్బుకు 1941లో లీలా చిట్నిస్ బొమ్మ వేశారు. ఇక్కడా మొదట కావలసింది ఆడమనిషి ముఖం, ఆమె రాత తర్వాత. ఇంగ్లీషు బాగా వచ్చిన పెద్దింటి అమ్మాయిలకే ఆ గదుల్లోకి దారి ఉండేది. 1966లో మొదలైన అమూల్ వెన్న ప్రచారంలో అందరి నోళ్లలో నానిన ఇంగ్లీషు మాటల వెనక ఆ ప్రచారం నడిపిన సిల్వెస్టర్ డాకున్హా భార్య నిషా సలహా ఉందని ఆ కుటుంబమే చెప్పింది. ఆమె ఆ కంపెనీ ఉద్యోగి కారు.

అదే కాలంలో నల్లగొండ, మహబూబ్‌నగర్‌లో పరిస్థితి వేరు. 1948 సెప్టెంబర్ దాకా నిజాం రాజ్యం, చదువు ఉర్దూలో. తెలుగులో ఆడపిల్లల హైస్కూలు చదువుకు మాడపాటి హనుమంతరావు హైదరాబాద్ నారాయణగూడలో 1928లో పెట్టిన బడి పెద్ద ఆసరా. జిల్లాల నుంచి అక్కడికి రావాలంటే చుట్టాలిల్లో హాస్టలో ఉండాలి. 1961 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద చదవగలిగిన ఆడవాళ్లు నూటికి 12 మంది. ఊళ్లలో యాడ్ అంటే గోడ మీద రంగుల రాత, జిందా తిలిస్మాత్ సీసా, చార్మినార్ సిగరెట్ పెట్టె. చదువుకున్న అమ్మాయికి దొరికే కొలువు టీచరమ్మ, నర్సు, 1950ల నుంచి గ్రామసేవిక.

అయితే నల్లగొండ ఆడవాళ్లు అప్పుడు గడప దాటలేదనుకోవడం పొరపాటు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో వాళ్లు దళాల్లో నడిచారు, తుపాకీ పట్టారు. మల్లు స్వరాజ్యం అప్పటికి ఇరవై కూడా నిండని అమ్మాయి. పోరాటం ఆగాక ఆ ఆడవాళ్లలో చాలామంది తమను మళ్లీ వంటింటికే పంపారని తర్వాతి రోజుల్లో బాధగా చెప్పుకున్నారు. స్వరాజ్యం రాజకీయాల్లో నిలిచి 1978, 1983లలో తుంగతుర్తి ఎమ్మెల్యే అయ్యారు. మాడిసన్ అవెన్యూకీ మూసీ ఒడ్డుకూ పోలిక తక్కువే. అయినా పనికి పిలిచేటప్పుడు సమానం, పని అయ్యాక పెళ్లి, ఇల్లు అనే వరస రెండు చోట్లా ఒకేలా కనిపిస్తుంది.

మన కోర్టులు ఏం చెప్పాయి

పెళ్లయితే ఉద్యోగం పోయే పద్ధతి అమెరికాకే పరిమితం కాదు. బొంబాయిలో ఒక మందుల కంపెనీ ప్యాకింగ్ విభాగంలో పెళ్లికాని అమ్మాయిలనే తీసుకుని, పెళ్లవగానే తీసేసే నిబంధన ఉండేది. పెళ్లయినవాళ్లు ఎక్కువగా సెలవులు పెడతారని కంపెనీ వాదన. అదనంగా వచ్చేది ప్రసూతి సెలవు ఒక్కటే, దానికి కొద్దిమంది అదనపు సిబ్బందిని పెట్టుకుంటే సరిపోతుందంటూ సుప్రీంకోర్టు 1965లో ఆ నిబంధనను కొట్టేసింది.

ప్రభుత్వం కూడా ఇందుకు అతీతం కాదు. విదేశాంగ సర్వీసులో ఆడ అధికారి పెళ్లికి ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలన్న నియమాన్ని సి.బి. ముత్తమ్మ కేసులో 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీవ్రంగా తప్పుపట్టారు. 1981 ఎయిరిండియా కేసులో తీర్పు సగంలో ఆగింది. మొదటిసారి గర్భం రాగానే ఎయిర్‌హోస్టెస్‌ను తీసేసే నిబంధన చెల్లదన్న సుప్రీంకోర్టు, చేరిన నాలుగేళ్లలో పెళ్లి చేసుకోకూడదన్న షరతును మాత్రం ఉంచింది. అమ్మాయి పెళ్లి కంపెనీ లెక్కల్లో భాగమేనన్న ఆలోచన అత్యున్నత న్యాయస్థానంలో కూడా అంత తేలిగ్గా పోలేదు.

ఇవాళ పట్నం దారిలో

2011 జనాభా లెక్కల నాటికి అప్పటి నల్లగొండ జిల్లాలో ఆడవాళ్ల అక్షరాస్యత దాదాపు 54 శాతం, మహబూబ్‌నగర్‌లో దాదాపు 45 శాతం. తల్లి సంతకం నేర్చుకున్న ఇంట్లో కూతురు ఇన్‌స్టాలో చీరల షోరూమ్ పేజీ నడుపుతోంది. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ, 2008లో పాలమూరు విశ్వవిద్యాలయాలు వచ్చాక డిగ్రీ, పీజీ ఊరికి దగ్గరయ్యాయి, ఉద్యోగం మాత్రం ఇంకా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో హైదరాబాద్‌లోనే ఉంది. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం కావడంతో వారానికోసారి ఇంటికి వచ్చిపోయే ఖర్చు తగ్గింది. తల్లిదండ్రులు "సరే, పో" అనడంలో ఆ టికెట్ డబ్బుకు కూడా పాత్ర ఉంటుంది.

పాత ఆఫీసు పోలికలు కొన్ని అలాగే ఉన్నాయి. డీటీపీ ఆపరేటర్‌గా, ఫ్రంట్ ఆఫీసులో చేరిన అమ్మాయి డిజైనర్ లేదా కంటెంట్ రైటర్ కావాలంటే ఇప్పటికీ పైవాళ్ల "బాగుంది" అనే మాటే ఆధారం. అర్ధరాత్రి దాకా సాగే పండగ ఆఫర్ల పోస్టులు, వాట్సాప్‌లో రాత్రి పదకొండుకు వచ్చే దిద్దుబాట్లు పాత డిన్నర్ల స్థానంలోకి వచ్చాయి. సంబంధం కుదిరిందంటే "అబ్బాయిది ఎక్కడ?" అన్న జవాబును బట్టి ఆమె ఉద్యోగం నిలుస్తుంది లేదా పోతుంది. లగ్గం పెట్టుకునేటప్పుడు ఆమె జీతం ఎంతో అడుగుతారు, ఆ ఉద్యోగం ఏ ఊళ్లో ఉండాలో మాత్రం ఆమెను అడగరు. ఇది కంపెనీ పెట్టిన నిబంధన కాదు, ఇంటిది. అందుకే ఏ కోర్టు తీర్పూ దాన్ని నేరుగా తాకలేదు.

పెద్ద తేడా ప్రేమ విషయంలో ఉంది. 1960ల న్యూయార్క్ అమ్మాయికి భయం ఎక్కువగా ఆఫీసు లోపలే, పైఅధికారి నుంచి. మన అమ్మాయికి ఆఫీసు బయటి భయం అంతకంటే పెద్దది, అది కులం. పట్నం ఆఫీసులో పక్క కుర్చీలో కూర్చునేది ఏ కులమో ఎవరూ అడగకపోవచ్చు, ఊళ్లో మొదటి ప్రశ్న అదే. 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న దళిత యువకుణ్ని ఆస్పత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్లముందే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి జీవితఖైదు వేసింది. ఈ జిల్లాల్లో ఆఫీసు ప్రేమ గురించి తల్లిదండ్రులు, పిల్లలు మాట్లాడుకునేటప్పుడు ఎవరూ పైకి అనకపోయినా ఆ కేసు మధ్యలో ఉంటుంది. వేరే కులాల, మతాల వాళ్లు పెళ్లి చేసుకునే ప్రత్యేక వివాహ చట్టం 1954 నుంచీ ఉంది, కానీ 30 రోజుల ముందు నోటీసు ఆఫీసులో అంటించాలన్న నియమం వల్ల, భయంతో వచ్చిన జంటకు ఆ నెల రోజులే గండం.

తల్లిదండ్రులు చాలాసార్లు తీసుకునే నిర్ణయం ఉద్యోగం మాన్పించడం. ఆ నిర్ణయం అమ్మాయిని ప్రేమ నుంచి కాపాడదు, ఆమె చేతిలోని జీతాన్ని, అవసరమైతే బయట నిలబడగలిగే శక్తిని మాత్రం తీసేస్తుంది. పోలికాఫ్ కాలం నుంచీ కనిపిస్తున్నది ఇదే. తన జీతం తన చేతిలో ఉన్న ఆడమనిషికి వద్దు అనే వీలుంటుంది, అవును అనే వీలూ ఉంటుంది.

చిన్న ఆఫీసుల సంగతి

చట్టాల మాటకొస్తే ఇప్పటి అమ్మాయి పరిస్థితి 1962 నాటి అమ్మాయి కంటే చాలా మెరుగు. ప్రసూతి సెలవు చట్టం 1961లో 12 వారాలతో మొదలై 2017 సవరణతో 26 వారాలైంది, ఆ సెలవులో ఉండగా ఉద్యోగం తీసేయడం చెల్లదు. ఆఫీసుల్లో వేధింపుల మీద 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దానికి ఒక ఆడ అధికారి అధ్యక్షురాలు కావాలి, సభ్యుల్లో కనీసం సగం మంది ఆడవాళ్లు ఉండాలి, బయటి నుంచి ఒకరు ఉండాలి. ఘటన జరిగిన మూడు నెలల్లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. రాయడం రాకపోయినా, చేతకాకపోయినా రాయించడానికి సాయం చేయాల్సింది కమిటీయే. విచారణ 90 రోజుల్లో ముగియాలి.

అయితే నల్లగొండ గడియారం సెంటర్లోనో, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనో ఉండే ఫ్లెక్సీ షాపు, డీటీపీ సెంటర్, సోషల్ మీడియా పేజీలు నడిపే చిన్న ఆఫీసులో నలుగురైదుగురే ఉంటారు. అక్కడ కమిటీ ఉండదు, ఓనరే బాస్, ఓనరే జీతం ఇచ్చేది. 1960ల యాడ్ ఆఫీసులో అంతా ఒక్కరి చేతిలోనే ఉన్న స్థితి అచ్చంగా మిగిలింది ఇక్కడే. చట్టం దీన్ని ముందే ఊహించింది. పదిమంది కంటే తక్కువ ఉన్న చోటైనా, ఫిర్యాదు యజమాని మీదే అయినా, అది వినాల్సింది జిల్లా స్థాయిలో ఏర్పాటు చేసే స్థానిక కమిటీ. పట్నంలో ఉద్యోగం చేసే అమ్మాయికి హైదరాబాద్‌లో, ఊళ్లోనే చేసే అమ్మాయికి తన జిల్లాలోనే ఆ కమిటీ ఉంటుంది. కలెక్టరేట్‌లో గానీ జిల్లా మహిళా, శిశు సంక్షేమ శాఖ ఆఫీసులో గానీ అడిగితే అది ఎక్కడ కూర్చుంటుందో చెప్పాలి.